కాళ్ల కింద తడి, డాష్‌బోర్డులో చీకటి: పాత కారులో నీటి దారిని వెతకడం

గోదావరి డెల్టాలో పాత కారు నడిపేవారికి కరెంటు లోపాలు ఏడాది పొడవునా ఒకేలా రావు. అవి నైరుతి వానలతో మొదలై, అక్టోబరు, నవంబరు తుఫాన్లలో ముదిరి, సంక్రాంతి నాటికి వాటంతట అవే సర్దుకున్నట్టు కనిపించి, మరుసటి ఏడు మళ్లీ తలెత్తుతాయి. పదేళ్లు దాటిన కారులో సెంట్రల్ లాకు, పవర్ విండో, ఇండికేటర్లు ఒకే వారంలో మొరాయిస్తే, తెగిన వైరు కోసం వెతికే ముందు లోపలికి వచ్చిన నీటి కోసం వెతకాలి. నీరు ఎటునుంచి వస్తోందో తేలకుండా మార్చిన రిలే గాని, ఫ్యూజు పెట్టె గాని మరో వానకాలం దాకానే నిలుస్తుంది. నేను ఈ వరసను తలకిందులు చేసి రెండు బ్యాటరీలు మార్చాను. వెనక లైటు రబ్బరు గుండా దిగిన నీరు డిక్కీ దీపం స్విచ్చిని పాడుచేసిందని, మూత మూశాక కూడా ఆ దీపం రాత్రంతా వెలుగుతూనే ఉందని ఆ తరువాతే తెలిసింది.

ముందుగా కార్పెట్ కింద ఉన్న స్పాంజిని చేత్తో గట్టిగా నొక్కి చూడాలి. పైబట్ట పొడిగా ఉండి స్పాంజి మాత్రం నీళ్లు పీల్చుకొని ఉండడం మామూలే. చేతికి అంటిన నీరు ఏ నీరో వెంటనే గుర్తించాలి. జిగురుగా, తియ్యటి వాసనతో, పచ్చగానో ఎర్రగానో ఉంటే అది హీటరు నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజినును చల్లబరిచే ద్రవం. దానికి వానతో సంబంధం లేదు, ఇంజిను వేడెక్కకముందే మెకానిక్కుకు చూపించాలి. రంగు, వాసన లేకుండా తేటగా ఉండి, ఎండాకాలంలో కూడా ముందు ఎడమ సీటు దగ్గరే చేరుతుంటే అది ఏసీ నీరు. మట్టి, ఆకుల నలుసు కలిసి ఉంటే వాన నీరు అనుకోవచ్చు. కార్పెట్ కింద సన్నటి ఒండ్రు పొరలా పేరుకొని ఉంటే మాత్రం కారు వరదలో మునిగిందేమోనని అనుమానించాలి.

కొనబోయే కారు విషయంలో ఈ చివరి అనుమానాన్ని తీర్చుకోకుండా బయానా ఇవ్వకూడదు. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సముద్రంలోకి వెళ్లిన రోజుల్లో కోనసీమ లంక గ్రామాలు నీటిలో ఉన్నాయి. ఆ నెలలో కారు ఎక్కడ ఉందో అమ్మేవారిని అడగడం మర్యాద తప్పడం కాదు. సమాధానం ఎలా ఉన్నా సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి, ఎందుకంటే కారు కడిగేవారెవరూ చుట్టలో దాగిన ఆ చివరి జానెడు బెల్టును కడగరు. మునిగిన కారైతే అక్కడ నీటి గీత, ఒండ్రు మరక అలాగే ఉంటాయి. సీటు పట్టాల బోల్టులకు, డాష్‌బోర్డు కింది ఇనుప పట్టీలకు తుప్పు పట్టిందా, స్టెప్నీ గుంటలో మట్టి ఉందా అన్నది కూడా చూడాలి. మునిగిన కారుకు వైరింగు రోగాలు రెండు మూడేళ్ల తరువాత కూడా బయటపడుతూనే ఉంటాయి కాబట్టి, ధర ఎంత తగ్గించినా దానిని వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఏసీ నీటి సంగతి త్వరగా తేలుతుంది. మన గాలిలో ఉన్న చెమ్మకు, శ్రావణ మాసంలో పావుగంట ఏసీ నడిస్తే కారు కింద చిన్న మడుగు కట్టాలి. కట్టలేదంటే డ్రెయిన్ పైపు పూడిపోయి నీరు లోపలికి పొంగుతోందన్నమాట. పైపును కింది నుంచి మెత్తటి వైరుతో శుభ్రం చేయాలి. గ్యారేజీలో టైర్లకు కొట్టే గాలిని పూర్తి ఒత్తిడితో కొడితే లోపల పైపు ఊడిపోయే ప్రమాదం ఉంది.

వాన నీరు వచ్చే దారులలో మన ప్రాంతంలో మొదట చూడవలసింది వైపర్ల కింది జాలీ. కొబ్బరి చెట్టు కింద కారు నిలిపే అలవాటు ఉన్న ఇళ్లలో, రాలిన పూత, పిందెల తొడిమలు, పీచు ఆ జాలీలోంచి జారి లోపలి తొట్టిలో పడి, వాననీటికి నాని, ముద్దగా మారి రెండు చివరల రంధ్రాలను మూసేస్తాయి. అప్పుడు ఆ తొట్టి నిండి, గాలి లోపలికి వచ్చే మార్గం గుండా నీరు కార్పెట్ మీదికి దిగుతుంది. వైపర్లు, జాలీ విప్పి ముద్దనంతా చేత్తో తీసి, మగ్గుతో నీరు పోసి, అది ముందు చక్రాల వెనక నుంచి ధారగా కిందికి పోతోందో లేదో చూడాలి. ఈ ఒక్క పనితో తీరిపోయే కార్లు చాలా ఉంటాయి.

అక్కడ లోపం కనబడకపోతే పైపు పరీక్ష చేయాలి. దీనికి ఇద్దరు మనుషులు అవసరం: ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోవాలి, మరొకరు బయట తోట పైపును ఒత్తిడి లేకుండా పట్టుకోవాలి. లోపల కార్పెట్ తీసిన రేకు మీద ముగ్గుపిండి పలచగా చల్లితే నీరు మొదట తాకిన చోటి నుంచి గీత పడి దారి స్పష్టంగా కనిపిస్తుంది. నీటిని ఎప్పుడూ కింది నుంచి పైకి పోస్తూ రావాలి. మొదట తలుపు కింది అంచు, తరువాత తలుపు అద్దం, ఆపై ముందు అద్దం మూలలు, చివరగా టాపు. ఒక్కొక్క చోట కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లా ఒకేసారి జారి, ఏ చోటి నుంచి లోపలికి వచ్చిందో ఎప్పటికీ తెలియదు. నీరు కనిపించిన చోటే ప్రవేశించిందని అనుకోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. టాపు మీది యాంటెనా మొదట్లో దిగిన చుక్క, పైకప్పు బట్ట వెనక జారి, స్తంభం లోపల దిగి, వెనక సీటు కింద తేలవచ్చు. కారు ఏటవాలుగా ఆగి ఉంటే ముందు దిగిన నీరు వెనక కూడా చేరుతుంది.

తలుపుల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ లోపం తయారీది కాదు, తరువాత చేసిన పనులది. తలుపు అద్దం పక్కనుంచి నీరు తలుపు లోపలికి దిగడం సహజమే. తలుపుకు లోపలివైపు బిగించే ప్యాడు వెనక అంటించిన ప్లాస్టిక్ షీటు ఆ నీటిని కిందికి మళ్లించి, అడుగు రంధ్రాల నుంచి బయటికి పంపుతుంది. స్పీకర్లు గాని, పవర్ విండోలు గాని బిగించినప్పుడు ఆ షీటును చింపి పారేయడం మన దగ్గర మామూలు. షీటు లేని తలుపులో నీరు ప్యాడు అంచు వెంట జారి గడప దాటి లోపలికి వస్తుంది. మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని కొలతకు కత్తిరించి, బ్యూటైల్ టేపుతో చుట్టూ అంటించి, దాని కింది అంచు తలుపు లోపలి గాడిలోకి దిగేలా చూడాలి. అడుగు రంధ్రాలను స్క్రూడ్రైవరుతో పొడిస్తే రంగు గీరుకుపోయి అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. కొబ్బరి ఈనె అందుకు సరిగ్గా సరిపోతుంది.

ముందు అద్దం ఒకసారి మార్చిన కారైతే దాని అతుకును అనుమానించాలి. అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, ఫ్యాను పూర్తి వేగంతో తిప్పుతూ, బయట అంచుల వెంట సబ్బు నీరు రాస్తే, సందు ఉన్న చోట బుడగలు లేస్తాయి. దొరికిన సందును ఇంటి పనులకు వాడే పుల్లటి వాసన సిలికాన్‌తో పూడ్చకూడదు. అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం రేకును తినేస్తుంది. అద్దాలకు వాడే పాలీయురెథేన్ జిగురే సరైనది. డిక్కీలో వెనక లైట్ల రబ్బర్లను, మూత బీడింగును చూస్తే చాలు.

నీటికి, కరెంటుకు లంకె కుదిరే చోటు ఇంజిను వెనక గోడ. హారనుకో, ఫాగ్ లైట్లకో, రిమోటు లాకుకో తరువాత లాగిన వైర్లను రంధ్రం అంచుకు బిగించే రబ్బరు వలయం (గ్రోమెట్) లేకుండా దూర్చితే, వాన నీరు ఆ వైరు పట్టుకొనే ప్రయాణించి ఫ్యూజు పెట్టెలోకి చేరుతుంది. ప్రతి వైరూ గోడలోకి వెళ్లే ముందు ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి; అప్పుడు చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

దారి మూసిన తరువాత ఆరబెట్టాలి. సీట్ల కింద పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) ఉంటే అవి ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ మైనస్ తీసి కొంతసేపు ఆగకుండా వాటిని ముట్టుకోకూడదు, తెలియనివారు ఆ పనిని సర్వీసు కేంద్రానికే వదలాలి. సీట్లు, కార్పెట్ బయటికి తీసి, స్పాంజి పూర్తిగా పొడిబారేదాకా ఎండలో ఉంచాలి. ముసురు రోజుల్లో ఫ్యాను కింద వారం పట్టినా ఓర్చుకోవాలి.

ఇప్పుడు కరెంటు. ఒక మామూలు మల్టీమీటరు ఉంటే చాలు. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.0 దగ్గరకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. ఇంజిను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో పనిచేస్తున్నట్టే. దానిని విప్పించి డబ్బు ఖర్చు పెట్టవద్దు. ఈ రెండూ సరిగా ఉండి కూడా నాలుగైదు రోజులు నిలిపితే సెల్ఫ్ తిరగకపోతే, కారు ఆపి ఉన్నప్పుడు ఏదో కరెంటు లాగుతోందని అర్థం. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని 0.3 ఆంపియర్ల లీకు ఐదు రోజుల్లో ఖాళీ చేస్తుంది.

దానిని పట్టుకోవడానికి తాళం చెవి జేబులో ఉంచుకొని, తలుపు అద్దం దించి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, ఆ వైరుకు, బ్యాటరీకి మధ్య కలపాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టినా, హెడ్‌లైట్లు వేసినా లోపలి ఫ్యూజు పోతుంది. కారులోని కంప్యూటర్లు నిద్రలోకి జారేదాకా అరగంట ఆగాక, 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే సాధారణమే. ఎక్కువ ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. దేనిని తీసినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. పోయిన ఫ్యూజు స్థానంలో అంతకన్నా పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం కారును తగలబెట్టుకోవడంతో సమానం: ఎర్రది 10, నీలిది 15, పసుపుది 20 ఆంపియర్లు, ఏది ఉంటే అదే వేయాలి.

బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, ఒక దీపం వేస్తే మరొకటి తగ్గడం వంటి వింతలన్నీ దాదాపుగా ఎర్త్ లోపాలే, అంటే కరెంటు కారు రేకు గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారిలోని లోపాలు. తిరిగి వెళ్లే దారి తుప్పుతో మూసుకుపోతే కరెంటు పక్క దీపం గుండా దారి వెతుక్కుంటుంది. మీటరు నల్లటి మొనను బ్యాటరీ మైనస్ మీద, ఎర్రటి మొనను ఇంజిను మీద ఉంచి, ఒకరిని సెల్ఫ్ కొట్టమంటే అంకె 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే బ్యాటరీ మైనస్‌ను రేకుకు, ఇంజినుకు కలిపే ఎర్త్ పట్టీని విప్పి, కింది రేకు మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజలీన్ రాయాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి, భీమవరం చుట్టూ చెరువుల ఉప్పునీటికి ఈ పట్టీలు త్వరగా పాడవుతాయి కాబట్టి అక్కడివారు ఏటా ఒకసారి ఈ పని చేసుకోవాలి. కప్లర్లలో ఆకుపచ్చ పొడి కనిపిస్తే కాంటాక్ట్ క్లీనరు కొట్టి, మెత్తటి బ్రష్షుతో తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే పిన్నుల మీది పూత పోతుంది. వరి కోతలప్పుడు ఇంటి చుట్టూ చేరే ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇలాంటి లక్షణాలే చూపుతాయి గనుక, బానెట్ కింద వరిగడ్డి గూడు ఉందేమో చూడడం మరచిపోకూడదు.

అంతా అయ్యాక కార్పెట్‌ను వెంటనే బిగించకుండా, రేకు మీద పాత దినపత్రికలు పరచి, రెండు పెద్ద వానలు దాటేదాకా అలాగే నడపాలి. కాగితం మీద మరక పడితే పైపు పరీక్షను ఆ చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.