ఫ్రాంచైజీ కాగితాల్లో హక్కులు వదిలేసుకునే ముందు

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. తగాదా వస్తే ముందు చూసేది 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. కొన్ని హక్కుల్ని మీరు రాసిచ్చినా అది పోనివ్వదు. మరికొన్ని ఒక్క సంతకంతో పోతాయి. అగ్రిమెంటు చేతికి రాగానే ఏ క్లాజు ఏ కోవలోదో పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి.

‘కంపెనీ మీద కోర్టుకెళ్లను’, ‘6 నెలల్లో క్లెయిము వేయకపోతే హక్కు పోతుంది’ లాంటివి సెక్షన్ 28 ప్రకారం చెల్లవు. ఒప్పందం ఉల్లంఘిస్తే దావాకు 3 ఏళ్ల గడువుంటుంది, దాన్ని కుదించలేరు. తగాదాను కోర్టు బదులు ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి తేల్చాలనే ఆర్బిట్రేషన్ క్లాజు మాత్రం చెల్లుతుంది. అయితే తగాదాలో ఉన్న కంపెనీ ఎండీయే ఆర్బిట్రేటర్‌ని ఏకపక్షంగా పెట్టడం కుదరదని పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ అభ్యంతరాన్ని తగాదా వచ్చాక రాతపూర్వకంగా వదులుకోవచ్చు. అందుకే ‘ఫలానా ఆర్బిట్రేటర్ మీకు సమ్మతమేనా’ అనే మెయిలుకు తొందరపడి ‘సరే’ అనకండి.

ఒప్పందం ముగిశాక 2 ఏళ్లు అదే వ్యాపారం చేయొద్దనే షరతు సెక్షన్ 27 ముందు సాధారణంగా నిలవదు. ఒప్పందం నడుస్తుండగా చేయొద్దంటే నిలుస్తుంది. డిపాజిట్ మొత్తం జప్తు అని రాసున్నా, సెక్షన్ 74 కింద కంపెనీకి దక్కేది సమంజసమైన పరిహారమే.

‘తగాదా తేల్చేది ఢిల్లీ కోర్టులే’ అన్న క్లాజును తేలిగ్గా తీసుకోవద్దు. మీ షాపు విజయవాడలో ఉన్నా, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉంటే అది చెల్లుతుంది. ప్రతి వాయిదాకీ రైలెక్కాలి. బేరమాడాల్సింది సంతకానికి ముందే.

‘కంపెనీ చెప్పిన లాభాల్ని నమ్మి చేరలేదు’ అనే వాక్యం మోసాన్ని కప్పేయలేదు గానీ, సెక్షన్ 19లో ఒక మెలిక ఉంది. చెప్పింది నిజం కాదని మామూలు జాగ్రత్తతోనే తెలుసుకునే వీలుందని తేలితే, తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవడం కష్టం. కాబట్టి డబ్బు కట్టకముందే మెయిలు పెట్టండి: దగ్గర్లోని షాపుల నెలవారీ అమ్మకం, అద్దె, రాయల్టీ (కంపెనీకి కట్టే వాటా) ఎంత, ఈ 2 ఏళ్లలో మూతపడ్డవి ఎన్ని? జవాబు రాకపోతే అదీ ఒక జవాబే. వాట్సాప్ లెక్కల్ని కూడా దాచండి.

అన్నిటికంటే ప్రమాదకరం చివర్లో ఇచ్చే ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ కాగితం, అంటే లెక్కలన్నీ తేలిపోయాయనే రాత. ఇష్టపూర్వకంగా చేస్తే సెక్షన్ 63 కింద క్లెయిము నిజంగానే పోతుంది. అందులో రావాల్సిన డిపాజిట్, వెనక్కిచ్చిన సరుకు విలువ, మీరు ఇచ్చిన గ్యారంటీల రద్దు అంకెలతో సహా ఉండాలి. మాఫీ ఇద్దరివైపునుంచీ ఉండాలి.

సంతకం పెడితేనే డిపాజిట్ ఇస్తామంటే, పెట్టేముందే మెయిలు పంపండి: ‘నా డబ్బు ఆపినందువల్లే సంతకం చేస్తున్నాను, మిగతా క్లెయిములు వదులుకోవడం లేదు.’ ఒత్తిడితో రాయించుకున్న నో-క్లెయిమ్ కాగితం (ఇక ఏ క్లెయిమూ లేదనే రాత) ఆర్బిట్రేషన్‌కు అడ్డుకాదని బోఘరా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. బీమా క్లెయిములో వచ్చిన తీర్పే అయినా సూత్రం ఇక్కడా అదే. కానీ ఊరికే ‘బలవంతం చేశారు’ అంటే చాలదని, ప్రాథమిక ఆధారం కావాలని ఆ తర్వాత జీనస్ పవర్ కేసులో అదే కోర్టు తేల్చింది. అందుకే అభ్యంతరం అదే రోజు వెళ్లాలి. వారాలు గడిస్తే సంతకం ఇష్టంతోనే చేశారంటారు.