సెవిల్‌లో నాలుగు రోజులు: చూడటం, తినడం, పాట వినడం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

స్పెయిన్ ట్రిప్ అనగానే మనవాళ్లు చాలామంది మాడ్రిడ్, బార్సిలోనా ముందు రాసేసుకుని, మిగిలిన ఒకటిన్నర రోజులో సెవిల్‌ని ఇరికిస్తారు. నన్నడిగితే ఈ ఊరికే నాలుగు రోజులు ఇవ్వమంటాను. దక్షిణాన అండలూసియా ప్రాంతానికి ఇది రాజధాని. చూడాల్సినవి దాదాపు అన్నీ నడిచిపోయేంత దగ్గర్లో ఉంటాయి. అందుకే దూరాలతో పెద్దగా పేచీ ఉండదు, పేచీ అంతా టైముతోనే.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు మన అలవాటు కొద్దీ పన్నెండింటికి భోజనానికి, ఏడింటికి రాత్రి తిండికి బయల్దేరాం. రెండుసార్లూ వంట ఇంకా మొదలవలేదనే మాటే విన్నాం. అక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. దీనికి సగం కారణం గడియారమే. 1940లో స్పెయిన్ తన టైమును ఒక గంట ముందుకు జరిపింది, మళ్లీ వెనక్కి తేలేదు. దాంతో జూన్‌లో సెవిల్‌లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పావుతక్కువ పది అవుతుంది. మీ ప్లాన్ మొత్తం ఈ గడియారం మీద వేసుకోవాలి.

1. ముందు నెల ఖాయం చేసుకోండి

మార్చి నుంచి మే వరకు, లేదంటే అక్టోబరు, నవంబరు. జులై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. రెంటచింతల ఎండ చూసినవాళ్లం మనకేమిటి అనుకోవచ్చు. కానీ రెంటచింతలలో ఎవరూ మధ్యాహ్నం మూడింటికి కోటలు చూడటానికి బయల్దేరరు కదా! పైగా ఆగస్టులో ఊరివాళ్లు సముద్రతీరానికి వెళ్లిపోతారు, చాలా చిన్న హోటళ్లు మూసేస్తారు.

ఈస్టర్ ముందు వారం ఇక్కడ పెద్ద ఊరేగింపులు జరుగుతాయి. కోసు టోపీల ముసుగులతో నడిచే భక్తులను, భుజాల మీద మోసే భారీ విగ్రహాలను చూడాలనుకుంటే ఆ వారమే వెళ్లాలి. అయితే గది అద్దెలు బాగా పెరుగుతాయి, వీధులు దాటడమే కష్టం. ఈస్టర్ అయిన రెండు వారాలకు ఏప్రిల్ జాతర వస్తుంది. అక్కడ వేసే గుడారాలు చాలావరకు కుటుంబాలవి, సంఘాలవి, పిలుపు ఉంటేనే లోపలికి రానిస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఈ రెండూ లేని వారమే హాయి.

2. వీసా, రైలు

స్పెయిన్‌కు కావాల్సింది షెంగెన్ వీసా, దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మాడ్రిడ్‌లో దిగితే అతోచా స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు రెండున్నర గంటల్లో సెవిల్ చేరుస్తుంది. 1992లో ఇక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం వేసిన లైను అది. స్పెయిన్‌లో మొదటి హైస్పీడ్ లైను కూడా అదే.

3. రెండు టికెట్లు మాత్రం ముందే కొనండి

ఒకటి అల్కాసర్ రాజభవనం, రెండోది పెద్ద చర్చి. వీటిని అక్కడికెళ్లాక చూద్దాం అనుకోకండి.

అల్కాసర్‌కి పొద్దున్న తెరిచే స్లాట్ తీసుకోండి, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. డబ్బు పెట్టి గైడ్‌ను మాట్లాడుకోవాల్సిన చోటు ఈ ఊళ్లో ఇదొక్కటే అంటాను. 1364లో పెద్రో అనే క్రైస్తవ రాజు ముస్లిం శిల్పుల చేత కట్టించుకున్న భవనం ఇందులో ఉంది. గోడల మీద అరబ్బీ లిపిలో ఆ క్రైస్తవ రాజునే సుల్తాన్ అని పొగిడారు. గైడ్ లేకపోతే అవి మనకు అందమైన గీతలుగా మిగిలిపోతాయి. ఆ తర్వాత తోటలో నెమళ్లు తిరుగుతుంటే తీరిగ్గా కూర్చోండి.

చర్చి కట్టడం 15వ శతాబ్దం మొదట్లో మొదలైంది, అంతకుముందు అక్కడ మసీదు ఉండేది. ఆ మసీదు మీనారే ఇప్పుడు గంటల గోపురం, పేరు హిరాల్దా. ఎత్తు 100 మీటర్ల పైమాటే. పెద్దవాళ్లు వెంట ఉంటే కంగారు పడక్కర్లేదు, ఎక్కడానికి మెట్ల బదులు 35 వాలు దారులుంటాయి, చివర్లో మాత్రం కొన్ని మెట్లు. అజాన్ ఇచ్చేవాళ్లు గుర్రం మీద పైకెళ్లడానికి అలా కట్టారని చెబుతారు. మా అత్తగారు మోకాళ్లను తిట్టుకుంటూనే పైదాకా ఎక్కారు. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కాబట్టి ఆ పూట పెట్టుకోకండి.

లోపల కొలంబస్ సమాధి ఉంది. స్పెయిన్‌లోని నాలుగు పాత రాజ్యాలకు ప్రతీకలైన నలుగురి విగ్రహాలు శవపేటికను మోస్తున్నట్టు చెక్కారు. మన దేశపు మిరియాల కోసం బయల్దేరి మిరపకాయతో తిరిగొచ్చిన మనిషి. ఆ మిరపకాయను తర్వాత పోర్చుగీసువాళ్లు మన తీరానికి తెచ్చారు. ఆయన దగ్గర ఒక నిమిషం ఆగడం న్యాయమే.

చర్చి బయట ఎవరైనా రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోకండి. తీసుకున్నారంటే చేయి చూసి జోస్యం చెప్పి డబ్బులడుగుతారు.

4. రోజును మూడు ముక్కలు చేసుకోండి

పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా టికెట్ కొన్న చోట్లు, రోజుకు ఒకటి చాలు. రెండింటికి భోజనం, ఆ తర్వాత ఐదు దాకా గదిలో నిద్ర. ఇంత డబ్బు పోసి వచ్చి నిద్రా అని మనసు పీకుతుంది. కానీ ఆ సమయంలో చిన్న దుకాణాలు కూడా మూసే ఉంటాయి. నిద్రపోని రోజు మా పిల్లలు రాత్రి ఎనిమిదింటికే తూగిపోయారు, అసలు ఊరు కళకళలాడేది అప్పుడే.

సాయంత్రం ఆరు తర్వాత టికెట్ అక్కర్లేనివి చూడండి. 1929 ప్రదర్శన కోసం ఆనీబల్ గోన్సాలెస్ గీసిన ప్లాసా దె ఎస్పాన్యా అప్పుడు బంగారు రంగులో ఉంటుంది. అక్కడ స్పెయిన్ ప్రావిన్సులకు తలా ఒక టైల్స్ అరుగు కట్టారు, మొత్తం 48. పిల్లలు వాటిని లెక్కపెడుతూ గంట గడిపేస్తారు. పాత యూదుల పేట శాంతా క్రూస్ సందుల్లో మ్యాపు చూడకుండా తిరగండి, తప్పిపోయినా పది నిమిషాల్లో ఏదో ఒక తెలిసిన వీధిలో తేలతారు.

5. తిండి: మొదటి రాత్రే నేర్చుకోండి

ఫుడ్ టూర్ తీసుకునేట్టయితే మొదటి సాయంత్రమే తీసుకోండి. పేర్లు, పద్ధతులు ఒక్క పూటలో తెలిసిపోతాయి, మిగతా రోజులకు ఎవరి సాయమూ అక్కర్లేదు. తాపా అంటే చిన్న ప్లేటు, రసియోన్ అంటే నలుగురు పంచుకునేంత. ఒక్కచోటే కడుపు నింపుకోకుండా రెండు రకాలు తిని పక్క వీధికి నడవడం అక్కడి పద్ధతి. 1670 నుంచి నడుస్తున్న ఎల్ రింకోన్సియో అనే చోట ఇప్పటికీ లెక్క చెక్క కౌంటర్ మీదే సుద్దముక్కతో రాస్తారు.

శాకాహారులకు టెన్షన్ సహజమే, పైకప్పు నుంచి పంది తొడలు వేలాడుతుంటాయి మరి. అయినా ఆకలితో ఉండరు. పాలకూర, కాబూలీ శనగలు జీలకర్రతో వండే ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ ఈ ఊరి సొంత వంటకం, మనింటి కూరకు దూరపు చుట్టం. వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసి ఇస్తారు, వినడానికి వింతే గానీ బాగుంటుంది. చల్లటి టమాటా ముద్ద సాల్మొరేహో మీద మాత్రం గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, ఎందుకంటే చాలాచోట్ల హమోన్‌ను (అంటే ఆ ఎండబెట్టిన పంది తొడ మాంసాన్ని), ట్యూనా చేపను మాంసం కింద లెక్కవేయరు. మాంసం, హమోన్, చేప మూడూ వద్దని విడిగా చెప్పాలి: సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో. కారం ఏమీ ఉండదు, పొడి డబ్బా ఒకటి బ్యాగులో వేసుకుంటే తప్పులేదు.

వీధుల్లో చెట్ల నిండా నారింజలు ఊగుతుంటాయి. కోసుకోవద్దు, నోట్లో పెట్టలేనంత చేదు. స్పానిష్‌లో వాటిని నరన్హా అంటారు. మన నారింజ, సంస్కృతం నారంగ, పర్షియన్, అరబ్బీ మాటలు, ఈ నరన్హా అన్నీ ఒకే చెట్టు కొమ్మలు.

6. ఫ్లమెంకోకు చిన్న గదే మంచిది

ఫ్లమెంకో అంటే అండలూసియా సొంత పాట, నాట్యం. భోజనంతో కలిపి అమ్మే పెద్ద షోలు వదిలేయండి. మైకు లేని చిన్న హాల్లో గంటసేపు చూస్తే పాదాల దెబ్బ బల్లలోంచి మీ కాళ్లకు తెలుస్తుంది. పాట, గిటారు, నాట్యం మూడూ ఉంటాయి, పాటే ప్రాణం. సొలేయా లాంటి పాటల రకాల్లో ఆవర్తం 12 మాత్రలది, కూచిపూడి జతులు విన్న చెవికి లెక్క తొందరగానే పట్టుబడుతుంది. అయినా మీరు తాళం వేయకండి, చప్పట్లు కూడా అక్కడ కళాకారుల వాద్యమే. ఈ కళను పెంచిన జిప్సీల పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లే, 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరారు.

7. నాలుగో రోజు

రైల్లో ముప్పావు గంట దూరంలో కోర్దోబా ఉంది, అక్కడ ఇప్పుడు చర్చిగా ఉన్న పాత మసీదులోని స్తంభాల అడవి చూసి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఓపిక లేకపోతే వంతెన దాటి ట్రియానాకు వెళ్లండి. పాతకాలం నుంచి కుండలు, టైల్స్ చేసేవాళ్ల పేట అది. పొద్దున్న మార్కెట్లో టిఫిన్ చేసి దుకాణాలు చూడండి. టైల్స్ కొంటే బట్టల్లో చుట్టి చేతి బ్యాగులోనే పెట్టుకోండి. మేం పెద్ద సూట్‌కేసులో వేసిన రెండింట్లో ఒకటి ఇంటికొచ్చేసరికి మూడు ముక్కలైంది. రెండోది వంటింట్లో పోపుల డబ్బా కింద ఉంది.