యుద్ధకాలపు అంగడి బిళ్లలు, చీటీలు సేకరించే విధానం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, ముఖ్యంగా 1942, 1943 సంవత్సరాలలో, లోహానికి గిరాకీ పెరిగి జనం నాణేలను దాచుకోవడంతో దేశమంతటా చిల్లర కరువైంది. ప్రభుత్వం 1943లో కాణీ (అణాలో నాలుగో వంతు) నడుమ చిల్లు పెట్టి, 4.86 గ్రాముల బరువును దాదాపు 2 గ్రాములకు తగ్గించింది. సేకరణను ఈ చిల్లు కాణీతో మొదలుపెట్టడం మేలు; చవకగా దొరుకుతుంది.

చిల్లరకు బదులు వర్తకులు సొంతంగా ఇచ్చిన బిళ్లలు, చీటీల దగ్గరే అసలు చిక్కు వస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో న్యూయార్క్, సిన్సినాటి వర్తకులు సెంటుకు బదులు రాగి బిళ్లలు కొట్టించి, 1864లో నిషేధం వచ్చేదాకా ధారాళంగా చెలామణి చేశారు. కానీ బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న మన జిల్లాలలో, 1889 నాటి చట్టం ప్రకారం, డబ్బుగా వాడడానికి లోహపు బిళ్లలను సొంతంగా తయారుచేయడమే నేరం. కాబట్టి ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో పాత సామాన్ల అంగడిలో "అణా" అని చెక్కిన ఇత్తడి బిళ్ల కనబడితే, అది హోటలు టోకెనో, పత్తి జిన్నింగు మిల్లు కూలీల బిళ్లో కావచ్చునని ముందుగా అనుమానించాలి. రాముడు, హనుమంతుడి బొమ్మలతో "1818 యూకేఎల్ వన్ అణా" అని ఉన్నవాటిని ఈస్టిండియా కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు; అమ్మేవాడు లక్షలు చెప్పినా వదిలేయండి.

నా దృష్టిలో అంగడి ముద్ర, చేవ్రాలు ఉన్న అట్ట చీటీ దొరికితే అదే అరుదైన సరుకు. మోర్వి, బూంది, జునాగఢ్ సంస్థానాలు సర్కారు తరఫున ఇచ్చిన అట్ట కూపన్లను దీనితో కలపకూడదు. చీటీ చిట్టా పుస్తకంలో దొరికితే, దాన్ని బయటకు తీయకముందే ఆ పేజీతో సహా ఫొటో తీయాలి. తేదీ, ఊరు, ఖాతాదారు పేరు అక్కడే ఉంటాయి. పాత తెలుగు లెక్కలలో నిలువు గీత పావలాను (నాలుగు అణాలను), అడ్డగీత అణాను తెలుపుతుంది గనుక, ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలు ఉన్న చీటీ విలువ ఆరు అణాలు. ఈ గీతలు చదవలేనివారు చీటీని పనికిరాని కాగితమని చించేస్తారు, అదే బాధ.

ఇత్తడి, రాగి బిళ్లలను చింతపండుతో తోమరాదు. మెరుపు వస్తుంది గానీ ఏళ్లుగా పట్టిన పూత పోయి ధర పడిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే లోహానికి ఆకుపచ్చ జిగురు పడుతుంది. చీటీలకు సెల్లో టేపు అంటించకుండా, లామినేషన్ చేయించకుండా, ఆమ్లం లేని కాగితం మడతలో ఉంచి, దొరికిన ఊరు, ఇచ్చిన ధర పెన్సిలుతో ఆ మడత మీదే రాసుకోవాలి.