మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటున్న బేస్‌బాల్ టీమ్‌ని ఏప్రిల్‌లో ఎలా చూడాలి

మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. చికాగో వైట్ సాక్స్ నా టీమ్. అక్కావాళ్ళు చికాగో దగ్గర ఉంటారు, ఒకసారి బావగారు గ్రౌండ్ నుంచే వీడియో కాల్ చేసి నాలుగు ఇన్నింగ్స్ (బేస్‌బాల్ మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి) చూపించారు, ఆ రోజు పట్టుకున్నాను, ఇక వదల్లేదు. 2024లో నా టీమ్ 41 మ్యాచులు గెలిచి 121 ఓడింది. 1901 నుంచి చూసుకుంటే ఒక్క సీజన్‌లో అన్ని ఓడిన టీమ్ ఇంకొకటి లేదు. 2025లో 60 గెలిచి 102 ఓడింది. ఇలాంటి టీమ్‌ని ఇక్కడ కూర్చుని, రోజూ పొద్దున్నే లేచి ఎలా చూడాలో నాకు ఎవరూ చెప్పలేదు, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. మీ టీమ్ వైట్ సాక్స్ కాకపోయినా, 2025లో 43-119తో ముగించిన కొలరాడో రాకీస్ అయినా, పద్ధతి ఒకటే.

ముందు టైమ్ సంగతి తేల్చుకోండి. మార్చి రెండో ఆదివారం నుంచి అమెరికాలో గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి సీజన్ మొత్తం చికాగోకి మనకి పదిన్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం 6:40కి మొదలయ్యే మ్యాచ్ మనకి మర్నాడు ఉదయం 5:10కి. ఆదివారం మధ్యాహ్నం 1:10 మ్యాచ్ అయితే మనకి ఆదివారం రాత్రి 11:40కి, ఇది మాత్రం నిద్ర చెడగొట్టేస్తుంది, సోమవారం పని ఉన్నవాళ్ళు జోలికి పోవద్దు. టీమ్ కాలిఫోర్నియా వైపు వెళ్ళినప్పుడు మనకి ఏడు, ఏడున్నరకి మొదలవుతుంది, టిఫిన్ తింటూ చూడొచ్చు. లైవ్ వీడియో లేకపోయినా ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్, అక్కడి పెద్ద లీగ్) యాప్‌లో ప్రతి బంతీ ఎక్కడ పడిందో, ఎంత వేగంతో వచ్చిందో చుక్కలుగా చూపిస్తుంది, దానికి డబ్బులు అక్కర్లేదు, మా ఊరి సిగ్నల్‌కి కూడా సరిపోతుంది. తర్వాత యూట్యూబ్‌లో హైలైట్స్ చూస్తే చాలు. 162 మ్యాచులూ కూర్చుని చూడాలని మాత్రం పెట్టుకోకండి, మే వచ్చేసరికి విసుగొచ్చి వదిలేస్తారు. వారానికి రెండు మ్యాచులు పూర్తిగా, మిగతావి స్కోర్‌కార్డ్, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మనం క్రికెట్ కళ్ళతో చూస్తాం కదా, ఐపీఎల్‌లో లీగ్ మ్యాచులు 14, అందులో మొదటి ఐదు ఓడితే సీజన్ అయిపోయినట్టే. బేస్‌బాల్‌లో 14 మ్యాచులంటే మొదటి రెండు వారాలు, చలి ఇంకా పోదు కూడా. మనకి ఏప్రిల్ అంటే జీడిపిక్కలు ఏరే కాలం, చెమటలు కారిపోతుంటాయి, అక్కడ జనం కోట్లు వేసుకుని స్టాండ్స్‌లో కూర్చుంటారు, చల్లగాలిలో బంతి కూడా దూరం పోదు. కాబట్టి మొదటి రెండు వారాల గెలుపోటముల పట్టిక మీద ఏ నిర్ణయానికీ రావద్దు. 2025 మార్చి 27న తొలి మ్యాచ్‌లో మావాళ్ళు ఏంజెల్స్ టీమ్‌ని 8-1తో కొట్టేశారు, బంతులేసే మా పిచర్ షాన్ బర్క్ ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఇవ్వలేదు, నేను ఆ రోజంతా నేలమీద లేను. ఆ సీజన్‌లోనే 102 ఓడిపోయాం.

మరి ఏం చూడాలి? ఇది నాకు మా నాన్న దగ్గర తెలిసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పోయాయి, మరుసటి ఏడు వానల్లో మళ్ళీ మొక్కలు పెట్టారు. నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే తోటకి బయల్దేరుతూ రోజూ అడుగుతారు, "ఏట్రా, ఈయాలైనా గెలిసినారేటి?" అని. ఒకరోజు వరసగా ఐదోది ఓడారని చెప్పి మొహం వేలాడేశాను. తోటలోకి రమ్మని ఒక మొక్క దగ్గర నిలబెట్టారు. ఒక ఆకు కత్తెరతో కోసినట్టు మూడు కోణాలుగా తెగి ఉంది. "ఇది ఈయాల తిన్నది కాదు. ఆకు మొవ్వులో ఉన్నప్పుడే కొమ్ముపురుగు తినేసింది. ఆకు ఇప్పుడు ఇప్పుకుంది, మనకి ఇప్పుడు కనపడతంది. నువ్వు సూడాల్సింది దీన్ని కాదురా" అని మధ్యలో ఇంకా విప్పుకోని లేత మొవ్వుని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించారు. మొవ్వు బాగుంటే చెట్టు బాగున్నట్టే.

ఏప్రిల్‌లో మనం చూస్తున్న ఓటమి చాలావరకు మూడు నాలుగేళ్ళ కింద తిన్న ఆకు. ఆ మొవ్వు ఎక్కడుందో వెతకడమే మన పని.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. మొదటి పేజీలో 26 ఏళ్ళ లోపు ఆటగాళ్ళ పేర్లు రాయండి, ఎలా వచ్చారో పక్కన రాయండి. ఇది రాస్తే రీబిల్డ్, అంటే టీమ్‌ని మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవడం, ఏంటో దానంతట అదే అర్థమవుతుంది. 2024 డిసెంబరులో మా బెస్ట్ పిచర్ గారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేసి నలుగురు కుర్రాళ్ళని తెచ్చుకున్నారు: కైల్ టీల్, బ్రేడెన్ మోంట్‌గోమరీ, చేజ్ మైడ్రాత్, వికెల్‌మన్ గొంజాలెజ్. క్రోషే అక్కడికెళ్ళి 2025లో 255 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం) తీశాడు, మేజర్ లీగ్‌లో సగమైన అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. బాధ ఉండదా, ఉంటుంది. పైగా 2016 డిసెంబరులో కూడా ఇలాగే ఎడమచేతి పిచర్ క్రిస్ సేల్‌ని అదే బోస్టన్‌కి ఇచ్చి నలుగురినే తెచ్చారు, ఆ రీబిల్డ్ 2021లో 93 గెలుపుల దాకా వచ్చి 2023కి 101 ఓటములై కూలిపోయింది. అందుకే ఆ నాలుగు పేర్ల మీద నాకు అంత ధ్యాస. క్రోషే ఎన్ని తీశాడో చూడటం మానేసి, టీల్ ఏం చేస్తున్నాడో చూడటం మొదలుపెట్టాను, మీరూ అదే చేయండి.

బ్యాటర్లని చూసేటప్పుడు బ్యాటింగ్ యావరేజ్‌ని (ఎన్నిసార్లకి ఎన్ని హిట్లు అనే లెక్క) ఏప్రిల్‌లో నమ్మొద్దు. గట్టిగా కొట్టిన బంతి నేరుగా ఫీల్డర్ చేతిలోకి పోతే స్కోర్‌కార్డ్‌లో సున్నా, బ్యాట్ అంచుకి తగిలి ఖాళీలో పడితే హిట్. వంద ఛాన్సులయ్యేదాకా (బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ ఒకటి) ఈ అదృష్టమే ఎక్కువ మాట్లాడుతుంది. తొందరగా నిజం చెప్పేవి స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఊరికే దొరికే మొదటి బేస్). లీగ్ మొత్తం మీద వంద ఛాన్సులకి సుమారు 22 స్ట్రైకౌట్లు, 8 వాక్‌లు ఉంటాయి, మీ కుర్రాడి స్ట్రైకౌట్లు 30 దాటితే కొంచెం టెన్షన్ పడండి, 18లో ఉంటే యావరేజ్ ఎంత తక్కువున్నా ధైర్యంగా ఉండండి. బంతి బ్యాట్ నుంచి వెళ్ళిన వేగం కూడా యాప్‌లో పడుతుంది, గంటకి 95 మైళ్ళు దాటితే దాన్ని గట్టి దెబ్బ కింద లెక్కేస్తారు. అలాంటి బంతికి ఔటైన ప్రతిసారీ నేను నోట్‌బుక్‌లో పేరు పక్కన ఒక నక్షత్రం గీస్తాను. పొద్దున్నే ఐదున్నరకి, మిణుకు మిణుకుమంటున్న బల్బు కింద, 3-0తో ఓడుతున్న మ్యాచ్‌లో ఒక్క కుర్రాడి పేరు పక్కన రెండు నక్షత్రాలు పడ్డాయంటే ఆ రోజు నాకు ఓడినట్టే ఉండదు.

పిచర్లకి వాక్‌లు లెక్కపెట్టండి, ఇచ్చిన పరుగులు తర్వాత చూద్దాం. కొత్త పిచర్ భయపడితే స్ట్రైక్ జోన్ (బంతి పడాల్సిన హద్దు) చుట్టూ తిరుగుతాడు, భయం పోతే మధ్యలోకి వేస్తాడు, రెండు మూడు హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) తింటాడు, పర్వాలేదు.

టీమ్ మొత్తం ఎలా ఉందో తెలియాలంటే కొట్టిన పరుగులు, ఇచ్చిన పరుగులు తీసుకోండి. బిల్ జేమ్స్ అనే ఆయన చెప్పిన లెక్క ఒకటుంది: కొట్టిన పరుగుల వర్గాన్ని, రెండు వర్గాల మొత్తంతో భాగించాలి. ఉదాహరణకి 30 మ్యాచుల్లో 120 కొట్టి 150 ఇచ్చారనుకోండి, 14,400ని 36,900తో భాగిస్తే 0.39, అంటే దాదాపు 12 గెలవాల్సిన ఆట. పట్టికలో 8 గెలుపులే ఉంటే మీ టీమ్ ఆడుతున్న దానికంటే తక్కువగా కనపడుతోందన్నమాట, దగ్గరి మ్యాచులు చేజారాయి, చివర్లో వచ్చే పిచర్లు తేలిపోయారు. అది బాగు చేసుకోవచ్చు. కానీ లెక్క కూడా 8 దగ్గరే ఆగితే ఓదార్పు మాటలు చెప్పుకోవద్దు. 2024లో మావాళ్ళు మొదటి 25 మ్యాచుల్లో 3 గెలిచారు, "ఇంకా మొదలే కదా" అని నన్ను నేను సముదాయించుకున్నాను, అది దురదృష్టం కాదు, నిజంగానే బాగాలేదు, ఆ వేసవిలో వరసగా 21 ఓడాం. ఓపిక వేరు, కళ్ళు మూసుకోవడం వేరు. బేస్‌ల మధ్య అడ్డదిడ్డంగా పరిగెత్తి ఔటవడం, సులువైన త్రో తప్పించడం వారం తర్వాత వారం అలాగే ఉంటే కుర్రాళ్ళకి ఎవరూ నేర్పడం లేదని అర్థం, అది వయసు తప్పు కాదు.

మేజర్ లీగ్ టీమ్ ఒక్కదాన్నే చూస్తే సగం తోటే చూసినట్టు. దాని కింద కుర్రాళ్ళు ఎదిగే మైనర్ లీగ్ టీమ్‌లు నాలుగు మెట్లుగా ఉన్నాయి, మాకైతే పైనుంచి షార్లెట్, బర్మింగ్‌హామ్, విన్‌స్టన్-సేలం, కెన్నాపొలిస్. బర్మింగ్‌హామ్ పేరు బాస్కెట్‌బాల్ వాళ్ళకి తెలిసే ఉంటుంది, 1994లో మైకేల్ జోర్డాన్ ఆడింది ఆ టీమ్‌కే. రోజూ షార్లెట్ స్కోర్‌కార్డ్ ఒక్క నిమిషం చూడండి. కోల్సన్ మోంట్‌గోమరీ అనే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) 2025 ఏప్రిల్‌లో అక్కడ ఎంత తడబడ్డాడంటే మ్యాచులాపించి అరిజోనాకి పంపి బ్యాటింగ్ మళ్ళీ మొదటి నుంచి సరిచేయించారు, నా నోట్‌బుక్‌లో అతని పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టేశాను. జూలై 4న మేజర్ లీగ్‌లోకి వచ్చి 71 మ్యాచుల్లో 21 హోమ్ రన్లు కొట్టాడు. ఆ పేజీ చింపలేదు, అలాగే ఉంచాను.

మంచి కుర్రాడిని ఏప్రిల్‌లోనే ఎందుకు తీసుకురారు అని కోపం వస్తుంది. దాని వెనక లెక్క ఉంది. ఏడాదికి 172 రోజులు మేజర్ లీగ్‌లో ఉంటే ఒక సంవత్సరం సర్వీస్, అలాంటివి ఆరు పూర్తయితే ఆటగాడు తనకి నచ్చిన టీమ్‌కి వెళ్ళిపోవచ్చు. సీజన్ దాదాపు 187 రోజులు కాబట్టి రెండు మూడు వారాలు ఆలస్యంగా తెస్తే టీమ్‌కి మామూలుగా ఇంకో ఏడాది కలిసొస్తుంది. నాకు ఈ పద్ధతి నచ్చదు, ఆడగలిగినవాడిని ఆడనివ్వాలి. కానీ తెలుసుకుని ఉంటే రోజూ ఆ పేరు కోసం వెతుక్కుంటూ విసిగిపోరు.

ఎవరూ పట్టించుకోని దారుల్లో వచ్చేవాళ్ళ మీద కూడా ఒక కన్నేయండి. డ్రాఫ్ట్ అంటే టీమ్‌లు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకోవడం. రూల్ 5 డ్రాఫ్ట్ అని డిసెంబరులో ఒకటి జరుగుతుంది, వేరే టీమ్ తన 40 మంది జాబితాలో పెట్టుకోని కుర్రాడిని లక్ష డాలర్లు కట్టి తెచ్చుకోవచ్చు, కానీ సీజనంతా మేజర్ లీగ్ టీమ్‌లోనే ఉంచాలి, లేదంటే వెనక్కి ఇవ్వజూపాలి. గెలవాలనుకునే టీమ్‌కి అది కష్టం, మనలాంటి టీమ్‌కి అదే అవకాశం. షేన్ స్మిత్ అలా మిల్వాకీ నుంచి వచ్చాడు, మామూలు డ్రాఫ్ట్‌లో కూడా ఎవరూ తీసుకోని పిచర్, 2025లో ఆల్‌స్టార్ (ఏటా మేటి ఆటగాళ్ళ మధ్య జరిగే మ్యాచ్‌కి ఎంపిక) అయ్యాడు.

"ఓడితే మంచిదే, డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ వస్తుంది" అనే మాట మాత్రం నమ్మకండి. ఇప్పుడు మొదటి పిక్‌లకి లాటరీ పెట్టారు. 121 ఓడిన తర్వాత కూడా రూల్స్ ప్రకారం మాకు 2025 లాటరీలో చోటే లేదు, పదో పిక్ దొరికింది. బాల్టిమోర్ 2021లో 110 ఓడి 2023లో 101 గెలిచింది, నిజమే, కానీ పిట్స్‌బర్గ్ 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువగా చూసింది. ఓటమి దానంతట అది ఏమీ పండించదు. మ్యాచ్ చూస్తున్నప్పుడు గెలవాలనే కోరుకోండి, ప్రతి మ్యాచ్.

మే 31న ఒక గంట తీసుకుని నోట్‌బుక్ తిరగేయండి. మొదటి పేజీలో రాసిన పేర్లలో ఎంతమందికి స్ట్రైకౌట్లు తగ్గాయి, ఎంతమంది పిచర్లకి వాక్‌లు తగ్గాయి, ఏప్రిల్ కంటే మేలో పరుగుల తేడా దగ్గరైందా, ఇవి చాలు. జూలై ఆఖర్లో ట్రేడ్ల (ఆటగాళ్ళ మార్పిడి) గడువు దగ్గర మీకు ఇష్టమైన పెద్దవాడిని ఎవరికో ఇచ్చేస్తారు, ఆ పొద్దున ఫోన్ చూడగానే గుండె జారుతుంది. కాసేపు ఆగి, బదులుగా వచ్చిన కుర్రాళ్ళ పేర్లు చూసి, కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.