నిఘా సంస్థల మీద మన ఎంపీతో ప్రశ్న అడిగించేదెట్లా

తిరుపతిలో ఉండి ఐబీ (దేశం లోపలి నిఘా సంస్థ), రా (విదేశీ నిఘా సంస్థ) గురించి మనమేం అడగతాంలే అనుకోవద్దబ్బా. అమెరికాలో సెనేట్‌కి 1976 నుంచి, హౌస్‌కి 1977 నుంచి నిఘా సంస్థల్ని పర్యవేక్షించే ఇంటెలిజెన్స్ కమిటీలుండాయి, వాళ్లతో మాట్లాడేదానికే అక్కడి నిఘా సంస్థ సీఐఏలో ఒక ఆఫీసుంది, మనకి అట్లాంటి పార్లమెంటు కమిటీయే లేదు, 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ నిఘా సంస్థల మీద సొంతంగా పెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లూ చట్టం కాలేదు, ఇది నాకు నిజంగా బాధే.

ఎంపీ ఆఫీసుకి పోయి ఒక్క పేజీ లెటర్ ఇవ్వండి. రహస్య ఆపరేషన్ల జోలికి పోతే ప్రశ్న కొట్టేస్తారు, "పర్యవేక్షణకి చట్టం తెచ్చే ఆలోచన ఉందా, లేకుంటే ఎందుకు లేదు" అని అడగమనండి. ప్రశ్న ఐబీ మీద అయితే హోం శాఖకి, రా మీద అయితే ప్రధానికి వేయమనండి. ప్రశ్న నోటీసు కనీసం 15 రోజుల ముందే పోవాల, సెషన్ డేట్లు రాగానే కదలండి. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగాలంటే ఆ చట్టం 24వ సెక్షన్ ఈ సంస్థలకి మినహాయింపిచ్చి అడ్డం పడతాది, అవినీతి, మానవ హక్కుల ఆరోపణలకి మాత్రం దారుంది.