పేజీకొకసారి లేవండి: టైపు చేసే చేతులకు నేను నేర్చుకున్న జాగ్రత్తలు

రాజమహేంద్రవరంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర చిన్న గదిలో కూర్చుని 19 ఏళ్లుగా దస్తావేజులు టైపు చేస్తున్నాను. అమ్మకాలు, దాన సెటిల్‌మెంట్లు, వీలునామాలు, భాగ పరిష్కారాలు. మంచి రోజులు వచ్చాయంటే ఒక్కరోజే 30 పేజీలు దాటుతాయి. 4 ఏళ్ల కిందట అలాంటి సీజన్‌లోనే ఒకరాత్రి 3 గంటలకు మెలకువ వచ్చింది. కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు నావి కావన్నట్టుగా ఉన్నాయి. సూదులతో గుచ్చినట్టు జివ్వుమంటున్నాయి. మంచం పక్కన చెయ్యి వేలాడేసి విదిలిస్తే కాసేపటికి సర్దుకుంది. ఆ తర్వాత అదే రోజూ జరిగింది. నెల తిరిగేసరికి టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయాను.

రోజంతా టైపు చేసేవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. కానీ చాలామంది నాలాగే మొదటి ఆరు నెలలూ తప్పు పనులతో గడిపేస్తారు. అందుకే ముందు ఆ తప్పులు చెబుతాను. మందుల షాపులో సాగే కట్టు కొనుక్కొచ్చి బిగించి, అది పెట్టుకునే టైపు చేశాను. కట్టు బిగుతు మీద బిగుతైంది, తిమ్మిరి పెరిగింది. పట్టు పోతోందని రబ్బరు బంతి నొక్కడం మొదలుపెట్టాను. అప్పటికే వాచిన చోట ఇంకా శ్రమ పెట్టినట్టయింది. రోజుకో నొప్పి మాత్ర వేసుకుని పని ఆపలేదు. మాత్ర నొప్పిని కప్పేస్తుంది, లోపల దెబ్బ పెరుగుతూనే ఉంటుంది. పైగా డాక్టరు చెప్పకుండా రోజూ వాడితే కడుపుకీ కిడ్నీలకీ చేటు.

ఏ వేళ్లు? ముందు అది చూసుకోండి

చివరికి వెళ్లిన ఎముకల డాక్టరు మొదట అడిగిన ప్రశ్న ఇదే: "ఏ వేళ్లమ్మా?" ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే.

వేళ్లను కదిలించే పెద్ద కండలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడినుంచి తాళ్లలాంటి టెండన్లు మణికట్టు గుండా వేళ్లకు వెళ్తాయి. మణికట్టు లోపల ఎముకలకూ, పైనున్న గట్టి పట్టీకీ మధ్య సన్నని దారి ఉంది. ఆ ఇరుకులోంచి 9 టెండన్లు, వాటితోపాటు ఒక నరం వెళ్తాయి. మణికట్టును పైకో కిందికో వంచి గంటలకొద్దీ ఉంచితే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది, నరం నలుగుతుంది. ఈ బాధనే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరం వేలిలో సగం మొద్దుబారితే, అదీ రాత్రిపూట ఎక్కువైతే, దీన్నే అనుమానించాలి.

చిటికెన వేలూ, ఉంగరం వేలిలో రెండో సగమూ తిమ్మిరెక్కితే అది వేరే నరం. మోచేయి లోపలివైపున, తగిలితే కరెంటు కొట్టినట్టుంటుందే, అక్కడినుంచి వస్తుంది. మోచేతులు బల్లమీద ఆనించి కూర్చునేవాళ్లకూ, ఫోను చెవి దగ్గర పెట్టుకుని గంటలు మాట్లాడేవాళ్లకూ ఇది వస్తుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన పట్టుకున్నట్టు నొప్పి ఉండి చెంబు ఎత్తినా బట్టలు పిండినా కళ్లలో నీళ్లు తిరిగితే, అది బొటనవేలి టెండన్ల వాపు కావచ్చు. వేలు ముడుచుకుని టక్కుమని తెరుచుకుంటుంటే అది ఇంకొకటి. మెడనుంచి వచ్చే నరాలు నొక్కుకున్నా చెయ్యంతా లాగుతుంది. ఇవన్నీ ఒక్కలాంటివి కావు, అందుకే పక్కింటివాళ్లకు పనిచేసిన వైద్యం మనకు పనిచేయకపోవచ్చు.

డాక్టరు నా రెండు అరచేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేలా ఒక నిమిషం ఉంచమన్నారు. నిమిషం కాకముందే తిమ్మిరి మొదలైంది. తర్వాత నరాల పరీక్ష చేయించారు, రక్తపరీక్షలూ రాశారు. అందులో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. థైరాయిడ్ తక్కువైనా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, గర్భంతో ఉన్నా ఈ నరం తేలిగ్గా నొక్కుకుపోతుందట. కాబట్టి రాత్రిళ్లు తిమ్మిరి వస్తుంటే కీబోర్డు ఒక్కటే కారణమని అనుకోకుండా థైరాయిడ్, షుగర్ పరీక్షలు రెండూ తప్పక చేయించుకోండి. మణికట్టును నిటారుగా పట్టి ఉంచే స్ప్లింట్ ఇచ్చి రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోమన్నారు. 6 వారాలు పెట్టుకున్నాను. నిద్రలో మనకు తెలియకుండానే చెయ్యి ముడుచుకుని పడుకుంటాం, దాన్ని అది ఆపింది. రాత్రి మెలకువలు మూడో వారంలోనే తగ్గాయి.

బల్ల, కుర్చీ, పీట

మా షాపు బల్ల ఎత్తు 30 అంగుళాలు. నేను 5 అడుగుల మనిషిని. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే నా మోచేతులు బల్లకంటే కిందుండేవి. కీబోర్డు అందుకోవాలంటే భుజాలు ఎగదోయాలి, మణికట్లు పైకి విరవాలి. కొత్త ఫర్నిచరు కొనలేదు. కుర్చీమీద గట్టి దిండు వేశాను, మోచేతులు కీబోర్డుకు సమానంగా వచ్చాయి. అప్పుడు కాళ్లు గాలిలో వేలాడాయి, ఇంట్లోంచి వంటగది పీట తెచ్చి పాదాల కింద పెట్టుకున్నాను. ఖర్చు లేదు, తేడా మాత్రం ఆ వారంలోనే తెలిసింది.

కీబోర్డు వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, చాలామంది వాటిని లేపి పెడతారు. మడిచేయండి. అవి లేస్తే కీబోర్డు ఏటవాలై మణికట్టు ఇంకా పైకి విరుగుతుంది. గాజులు, వాచీ తీసి పక్కన పెట్టండి. నా గాజులు బల్ల అంచుకూ మణికట్టుకూ మధ్య నొక్కుకుని లోపలివైపు గీతలు పడేవి. టైపు చేసేటప్పుడు అంచుమీద మణికట్టు ఆనించనేకూడదు, ఆగినప్పుడే ఆనించాలి. మూల కాగితం బల్లమీద ఎడమవైపు పడుకోబెట్టి చూస్తే మెడ రోజంతా వంగి ఉంటుంది. పిల్లల పరీక్ష అట్టకు కాగితం క్లిప్పు చేసి, స్క్రీను పక్కనే నిలబెట్టుకున్నాను. స్క్రీను పై అంచు కంటి ఎత్తులో ఉంటే చాలు.

మౌసు సంగతి. కీబోర్డుకు కుడిపక్క నంబర్ల వరస ఉంటుంది, మౌసు దాని అవతల ఉంటుంది. కుడి చెయ్యి రోజూ వందలసార్లు అంతదూరం చాచాలి. సర్వే నంబర్లకూ విస్తీర్ణాలకూ ఆ వరస నాకు కావాలి, తీసేయలేను. అందుకని మౌసును ఎడమ చేతికి మార్చాను. రెండు వారాలు విసుగొచ్చింది, తర్వాత అలవాటైంది. కుడిచేతికి సగం బరువు తగ్గింది.

తెలుగు టైపులో కొట్టే దెబ్బలు తగ్గించడం

నేను 1998లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరూ, హయ్యరూ నేర్చుకున్నాను. ఆ టైపు మిషన్ మీద అక్షరం అచ్చు పడాలంటే గట్టిగా కొట్టాలి. కంప్యూటర్‌కు వచ్చాక కూడా అదే బలంతో కొట్టేదాన్ని, గది బయటికి వినిపించేది. కంప్యూటర్ మీట వేలు తగిలితే చాలు, అడుగుదాకా గుద్దక్కర్లేదు. దీన్ని మార్చుకోవడానికి ఒక నెల రోజూ మొదటి పావుగంట, చప్పుడు రాకుండా టైపు చేయడమే పనిగా పెట్టుకున్నాను.

తెలుగుకు వేళ్ల పని ఎక్కువ. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి 6 మీటలు నొక్కాలి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొల్లు మీట ఎడమ మధ్యవేలి కింద ఉంది, రోజంతా దానిమీదే పడుతుంది. "లక్షణం" కొడితే ష కోసం ఒకసారి, ణ కోసం ఒకసారి షిఫ్టు నొక్కాలి. చాలామంది ఏ అక్షరానికైనా ఎడమ చిటికెన వేలితోనే షిఫ్టు పట్టుకుని, అదే చేతి మరో వేలిని మెలితిప్పి మీట అందుకుంటారు. ఎడమచేతి అక్షరానికి కుడి షిఫ్టు, కుడిచేతి అక్షరానికి ఎడమ షిఫ్టు వాడండి. అదీ కష్టమైతే విండోస్‌లో స్టిక్కీ కీస్ అనే సదుపాయం ఉంది. షిఫ్టును వరసగా 5 సార్లు నొక్కితే అడుగుతుంది. పెట్టుకున్నాక షిఫ్టును ఒకసారి నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం నొక్కవచ్చు, రెండూ కలిపి పట్టుకోనక్కర్లేదు.

దస్తావేజులో పదేపదే వచ్చే మాటలు ఎన్ని! "శుద్ధ క్రయ దస్తావేజు", "ఇందుమూలముగా", "సదరు ఆస్తికి హద్దులు", తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. వర్డ్‌లోని ఆటోకరెక్ట్‌లో వీటన్నిటికీ రెండేసి అక్షరాల గుర్తులు పెట్టుకున్నాను. "శుక్ర" అని కొట్టి స్పేస్ నొక్కితే మొత్తం మాట వస్తుంది. ఒక ఆదివారం కూర్చుని 60 మాటలు ఎక్కించాను. నా వేళ్లకు ఇంతకంటే మేలు చేసిన పని ఇంకొకటి లేదు. చిత్తు ప్రతి రాయాల్సి వస్తే గూగుల్ డాక్స్‌లో తెలుగులో చెప్పి రాయిస్తాను. ఇంటిపేర్లు, సర్వే నంబర్లు తప్పు పడతాయి, వాటిని మాత్రం కళ్లతో సరిచూసి చేత్తోనే దిద్దాలి. ఆస్తి కాగితం కాబట్టి అక్కడ నమ్మకం పెట్టకండి.

మిషన్ ఇచ్చిన విరామం

ఇది నాకు ఆలస్యంగా తట్టింది. మిషన్ మీద గట్టిగా కొట్టేవాళ్లం కదా, మరి అప్పుడు చేతులు ఎందుకు నొప్పెట్టలేదు? వయసు చిన్నది, అదొకటి. రెండోది, ప్రతి లైను చివరా చెయ్యెత్తి మీట తోసి బండి వెనక్కి లాగేవాళ్లం. పేజీ అయితే కాగితం తీసి, కార్బన్ సర్ది, కొత్తది ఎక్కించేవాళ్లం. మిషనే మనల్ని ఆపేది. మణికట్లు ఆనించి కూర్చుంటే మాస్టారు స్కేలుతో తట్టేవారు. కంప్యూటర్ ఆపదు. 2 గంటలైనా వేళ్లు అదే చోట, భుజాలు అదే ఎత్తులో ఉండిపోతాయి.

అందుకని ఆ విరామాలను నేనే తిరిగి పెట్టుకున్నాను. పేరా అయితే రెండు చేతులూ ఒళ్లో పెట్టి రెండుసార్లు ఊపిరి తీసుకుంటాను. ప్రింటరును బల్లమీదినుంచి తీసి గదికి ఆ మూల పెట్టించాను, పేజీ అయితే లేచి వెళ్లి తెచ్చుకోవాల్సిందే. పెద్ద దస్తావేజులకు ఫోనులో 25 నిమిషాల అలారం పెడతాను. లేచినప్పుడు చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి కిందికి ఉంచి, రెండో చేత్తో వేళ్లను నెమ్మదిగా కిందికి వంచి 15 సెకన్లు పట్టుకోండి. తర్వాత అరచెయ్యి పైకి తిప్పి అలాగే. వేళ్లు నిటారుగా, ఆపై కొక్కెంలా, ఆపై పిడికిలిగా 5 సార్లు మార్చండి. లాగినట్టు ఉండాలి, నొప్పి రాకూడదు. పొద్దున పట్టేసినట్టుంటే వేడి తువ్వాలు కాపడం, పని తర్వాత వాచినట్టుంటే గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు.

ఇంటికొచ్చాక కూడా చేతులకు పనే. బట్టలు పిండడం, చపాతీ పిండి కలపడం, కొబ్బరి కోరడం, ఆపైన పడుకుని బొటనవేలితో ఫోను. ఇవన్నీ ఆ నరంమీదే పడతాయి. చేతులు బాధపెట్టిన ఆ రోజుల్లో మా ఇంట్లో పిండి కలపడం, బట్టలు పిండడం మావారు చేశారు. ఆడవాళ్లు ఇది అడగడానికి మొహమాటపడకండి, ఇది మందుతో సమానమైన వైద్యం.

తిమ్మిరి వచ్చిపోకుండా పగలూ రాత్రీ ఉండిపోతే, వస్తువులు జారిపోతుంటే, బొటనవేలి కింద అరచేతి కండ పల్చబడితే ఆలస్యం చేయొద్దు. నరం శాశ్వతంగా దెబ్బతినే ముందే చూపించుకోవాలి, అవసరమైతే చిన్న ఆపరేషన్ ఉంటుంది. వాపుతో జ్వరం ఉంటే అదేరోజు వెళ్లాలి. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి పడిపోయి, మూతి వంకరపోయి, మాట తడబడితే అది టైపుకు సంబంధించింది కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

నొప్పి తగ్గగానే మళ్లీ 30 పేజీలకు పోకండి. నేను మొదటి వారం రోజుకు 8 పేజీలు ఒప్పుకున్నాను, తర్వాత వారానికి 3 చొప్పున పెంచాను. రాత్రి తిమ్మిరి మళ్లీ వస్తే మర్నాడు వెనక్కి తగ్గించాను. ఇప్పుడు 20 దగ్గర ఆగాను, మిగతా కాగితాలు పక్కషాపుకు పంపుతాను.