క్యూటీ 6 బిల్డ్‌లో ఎక్స్‌సీబీ లోపాన్ని సరిదిద్దిన విధం

విండోలు, బటన్లు ఉండే ప్రోగ్రాములు రాయడానికి వాడే క్యూటీ 6 లైబ్రరీని లినక్స్‌పై సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసినప్పుడు కంపైలేషన్ ఏ లోపమూ చూపకుండా ముగిసినా, దానితో తయారుచేసిన నా ప్రోగ్రామ్ మాత్రం విండోలను తెరపై చూపడానికి కావలసిన ఎక్స్‌సీబీ ప్లాట్‌ఫామ్ ప్లగిన్ దొరకలేదంటూ తెరుచుకోకుండానే ఆగిపోయింది. బిల్డ్ ఫోల్డరులోని కాన్ఫిగ్ సమ్మరీ ఫైలును చదివితే, ఎక్స్‌సీబీ ఎదుట ‘నో’ అని ఉంది. దానికి కావలసిన డెవలప్‌మెంట్ ప్యాకేజీలు నా సిస్టమ్‌లో లేకపోవడంతో కంపైలేషన్‌కు ముందు సిస్టమ్‌లో ఏమేమి ఉన్నాయో పరిశీలించే కాన్ఫిగర్ దశ ఆ ప్లగిన్‌ను వదిలేసి మిగతా పనిని కొనసాగించింది. గంటల తరబడి సాగే కంపైలేషన్‌కు ముందే ఈ ఫైలును చదవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ప్యాకేజీలను చేర్చి మళ్లీ కాన్ఫిగర్ చేసినా ఫలితం మారలేదు, ఎందుకంటే ఆ దశను నడిపే సీమేక్ అనే సాధనం తన పాత ఫలితాలను క్యాష్ ఫైలులో దాచుకొని వాటినే తిరిగి వాడింది. ఆ ఫైలును తొలగించి కాన్ఫిగర్ దశను మొదటి నుంచి నడిపాక ‘ఎస్’ అని కనిపించింది. తిరిగి బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేశాక ప్రోగ్రామ్ విండో తెరుచుకుంది.